కులాసా కోత

సోమవారం. పడమటి గాలి, నిలకడగా.

కొత్త మోకు బాగా కుదురుకుంది. కట్టి రెండు నెలలవుతోంది, ఒక్క పోగు కూడా లేవలేదు. పాతది పోయిన తుఫానులో నా అరచేతి తోలు సగం పట్టుకుపోయింది. ఇది అలాంటి పని చెయ్యదు. పట్టుకుంటే చల్లగా ఉంటుంది, జారదు, బుల్లెమ్మ పైన ఏం చేస్తోందో ఉన్నదున్నట్టు చేతికి చెబుతుంది.

బుల్లెమ్మ అంటే నా గాలిపటం. పేరు చూసి మోసపోకండి. రెండు పడవల తెరచాపలు కలిపి కుట్టినా దాని తోకకి చాలవు. అది గాలికి మోకును లాగుతుంటే ఇక్కడ మేడ మీద డ్రమ్ము తిరుగుతుంది. డ్రమ్ము తిరిగితే నాలుగో వార్డుకి కరెంటు. మా అలలపేట సముద్రం మీద తేలే ఊరు. ఊరి చుట్టూ ఇలాంటి మేడలు ఆరున్నాయి, వాటిలో అన్నిటికంటే బాగా లాగేది నాది. ఇది కోతలు కొయ్యడం కాదు, వార్డు ఆఫీసు బోర్డు మీద రాసుంది, వెళ్ళి చూసుకోండి.

ఈ డ్యూటీ చిట్టాలో గాలి, యూనిట్లు రాస్తే చాలు. నేను ఇంకొంచెం రాస్తాను. ఇష్టం లేనివాళ్ళు చదవక్కర్లేదు.

మధ్యాహ్నం చేతిపట్టీ కీచుమంది. ఆదాయ పన్ను ఆఫీసు నుంచి జవాబు. రిటర్నులో మోకు ఖర్చంతా ఉద్యోగం ఖర్చు కింద చూపించి మినహాయింపు అడిగాను. అడగనా మరి? మోకు మీద బట్టలారేసుకుంటానా? వాళ్ళు ఏమని పంపారో చూడండి. మోకు వాడినంతసేపు నా కులాసా నూటికి తొంభై నాలుగట. అంత మేరకు అది నా సొంత సరదా ఖర్చట. మినహాయింపు మిగిలిన ఆరు వంతులకేనట.

ఈ కులాసా కోత మా ముత్తాతల పుణ్యం. వాళ్ళ రోజుల్లో విందులు, షికార్లు, మెత్తటి సోఫాలు అన్నీ ఉద్యోగం కోసమే అని రాసేసి పన్ను ఎగ్గొట్టేవాళ్ళట. ప్రభుత్వానికి విసుగొచ్చి ప్రతి చేతికీ ఒక పట్టీ తగిలించింది. పనిముట్టు పట్టుకున్నంతసేపూ లోపల మనం ఎంత కులాసాగా ఉన్నామో అది కొలుస్తుంది, కులాసా ఒక్కసారిగా లేస్తే కీచుమంటుంది. ఎంత కులాసా ఉంటే మినహాయింపులో అంత కోత. అప్పటినుంచి మా పేటలో పనిచోట ఎవరూ బాగున్నాను అనరు. టీ కొట్టు కొండబాబుని ఎలా ఉన్నావని అడిగితే, "సస్తన్నాను" అంటాడు, అదే ఇక్కడ మర్యాద. వంటవాడు గరిటను తిడతాడు, పంతులు సుద్దముక్కను తిడతాడు. పట్టీ విప్పి ఇంటికెళ్ళాకే ఎవరైనా నవ్వేది.

నేను మాత్రం ఎప్పుడూ దాచుకోలేదు. ఇన్నాళ్ళూ నా ఖర్చులు చిన్నవి కాబట్టి కోత పడినా నెట్టుకొచ్చాను. మోకు అలా కాదు, దాని కోసం ఇంట్లో డబ్బంతా ఊడ్చిపెట్టేశాను. ఇప్పుడు ఈ కోత పడితే కట్టాల్సిన పన్ను నా దగ్గర లేదు. అమావాస్య లోపల కట్టకపోతే పనిముట్టు జప్తు. అంటే బుల్లెమ్మ. దాన్ని మడతపెట్టి గోదాములో పడేస్తారు, నన్ను నాచు షెడ్డుకి పంపిస్తారు. నాచు షెడ్డులో కిటికీ ఉండదు, గాలి ఉండదు. రాస్తుంటేనే ఊపిరాడ్డం లేదు.

సరే. నూరేళ్ళ నుంచి ఊరంతా ఏడుస్తోంది కదా, అదేమన్నా బ్రహ్మవిద్యా? నేనూ నేర్చుకుంటాను.

మంగళవారం. గాలి మందం. డ్రమ్ము నత్తలా తిరిగింది.

డ్యూటీ దిగి కాములు బావ దగ్గరికి వెళ్ళాను. మా అప్ప మొగుడు, అక్కని మేం అప్ప అనే అంటాం. ఈ మేడ ఒకప్పుడు అతనిదే, నాకు పటం పట్టడం నేర్పింది కూడా అతనే. మోకాళ్ళు అరిగిపోయి దిగిపోయాక ఏడుపు మాస్టారయ్యాడు. పటం పట్టినన్నాళ్ళూ అతని పట్టీ మీద కులాసా లేవనే లేదు, ఒక్క ఏడాదీ కోత పడలేదు. అలాంటి మనిషి దగ్గర నేర్చుకోవడానికి జనం రారా! పన్ను నెలలో అతని డెక్కు మీద కూచోడానికి చోటుండదు.

నేను వెళ్ళేసరికి కొండబాబు కెటిలు గుండెకి హత్తుకుని వెక్కుతున్నాడు. కుట్టుమిషను వరాలు కత్తెర వైపు చూస్తూ ముక్కు చీదుతోంది.

"ఓలమ్మ, పైడీ! నువ్వొచ్చినావేటే! పొద్దు పడమట పొడిసినాదేటి?" అన్నాడు బావ. మాటలో వేళాకోళం ఉంది గాని మొహంలో లేదు. అతని మొహం ఎప్పుడూ అంతే.

"నాకు ఏడుపు నేర్పు బావా. బుల్లెమ్మని పట్టుకుపోతారంట."

"నీకా? నువ్వు పుట్టినప్పుడు మంత్రసాని సరిసినా నవ్వినావంట, మీ అయ్య సెప్పీవోడు. సర్లే, కూకో. కళ్ళు ముయ్యి. మోకు సేతిలో ఉందనుకో. ఉందా?"

"ఉంది."

"ఇప్పుడు నీకు కావలసినోళ్ళు ఎవులో సచ్చిపోనారనుకో."

"ఎవులు బావా?"

"ఎవులో ఒకలు. నానే పోనాననుకో."

మనస్ఫూర్తిగా ప్రయత్నించాను. బావ పోయాడు, అప్ప ఏడుస్తోంది, అందరూ వచ్చారు. సరిగ్గా అప్పుడు, పోయాక కూడా ఇతను పాడె మోసేవాళ్ళకి 'అలగ కాదర్రా, భుజం దించండి' అని పాఠం చెబుతుంటాడని తోచింది. అంతే, నవ్వు తన్నుకొచ్చింది. అదే మాట పైకి అనేశాను. వరాలు కిసుక్కుమంది. కొండబాబు కెటిలు వదిలేసి కడుపు పట్టుకున్నాడు. డెక్కు మీద అందరి పట్టీలూ ఒక్కసారిగా కీచుకీచుమన్నాయి.

"సాలు! నెల్లాళ్ళ కష్టం కాలువలో కలిపీసినావు!" బావ అరిచాడు. "పదిమందికీ కోత పడితే నువ్వు కడతావేటే?"

అందరినీ పంపించేశాక మాత్రం నన్ను ఉండమన్నాడు. ఎంతైనా మరదలిని. లోపలినుంచి రెండు పచ్చి కాకరకాయలు తెచ్చి చేతిలో పెట్టాడు.

"మనసు మాటినకపోతే ఒంటిని ఏడిపించాల. ముక్క బుగ్గన ఎట్టుకో, నమలకు. కాలికి మీ అప్ప సెప్పులు ఏసుకో, నీకు బిగుతు. పట్టీకి తేడా తెలీదు. నాను మొదలెట్టింది అలాగే."

గురువారం. తూర్పు గాలి, తేమగా.

చెప్తే నమ్మరు, పనిచేసింది! బుగ్గన కాకరముక్క, కాళ్ళకి అప్ప చెప్పులు. పొద్దుట మేడ ఎక్కేసరికే నాలిక మొద్దుబారిపోయింది, కాలివేళ్ళు మంట. బుల్లెమ్మని లేపాను గాని అది ఎటు తిరుగుతోందో పట్టించుకునే ఓపిక లేదు. సాయంత్రానికి కులాసా ముప్ఫైకి పడింది. నేను ఏదైనా పట్టుపడితే రాకుండా పోతుందా? ఏడుపైనా సరే.

యూనిట్లు కొంచెం తగ్గాయి. గాలి తడిగా ఉంది కదా, అందుకే అయ్యుంటుంది.

అప్ప చెప్పులు తెచ్చినందుకు అప్ప తిట్టింది. బావకి చూపిస్తే పట్టీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇరవైకి తే. ఇంకో పది రోజులు ఇలాగే లాగీ. సగటు పడిపోద్ది, మినహాయింపు వొచ్చీస్తాది" అన్నాడు. పీతల కూర ఫీజుగా అడిగాడు. ఇస్తానన్నాను.

శనివారం. ఈదురు గాలి. ఇంతకుమించి ఏం రాయాలో తెలియడం లేదు.

బుల్లెమ్మని సముద్రంలో పడేశాను.

నేనే. మోకు తప్పు లేదు, డ్రమ్ము తప్పు లేదు. ఈదురు గాలి తిరగబోయే ముందు మోకులో చిన్న వణుకు పుడుతుంది, దాన్ని నేను నిద్రలో కూడా పట్టగలను. ఇవాళ పట్టలేదు. కాకరముక్క గుటకేస్తే గొంతులో మంట, చెప్పుల్లో కాలు ఎటు పెట్టినా పోటు. నా బాధ నేను పడుతూ కూచున్నాను. తల ఎత్తేసరికి బుల్లెమ్మ ముక్కు కిందికి పెట్టి రాయిలా వచ్చేస్తోంది. మోకు వదలడానికి కూడా టైము లేదు. పెద్ద చప్పుడుతో నీళ్ళమీద పడింది. డ్రమ్ము ఆగిపోయింది.

నాలుగో వార్డంతా చీకటి. మంచినీళ్ళ మిషను ఆగింది, ఆఫీసు లిఫ్టు మధ్యలో ఆగింది, జనం వంతెనల మీదికొచ్చి నా మేడ వైపు చూసి బూతులు. నా బతుకులో ఎప్పుడైనా నా వల్ల దీపం ఆరిందా? సిగ్గుతో చచ్చిపోయాను.

కాకరముక్క ఉమ్మేసి, చెప్పులు విసిరేసి, ఒట్టి కాళ్ళతో మోకు లాగడం మొదలెట్టాను. కాసేపటికి వెనకనుంచి ఇంకో రెండు చేతులు పడ్డాయి. బావ. ఆ మోకాళ్ళతో అన్ని మెట్లు ఎలా ఎక్కాడో! ఇద్దరం కలిసి లాగాం. బుల్లెమ్మ ఒక మూల చిరిగింది, అంతే. పక్క మేడవాళ్ళు తమ కరెంటు కొంత మళ్ళిస్తే ఎప్పటికో దీపాలొచ్చాయి.

ఇంకో మాట రాయాలి. ఇవాళ నా కులాసా తొమ్మిది. కోత లెక్కన చూస్తే నా ఉద్యోగంలో ఇదే అన్నిటికంటే మంచి రోజు.

ఆదివారం. గాలి తగ్గింది. పటం ఎగరలేదు.

డెక్కు మీద బుల్లెమ్మని ఆరేసి, చిరిగిన మూల కుడుతున్నాం. అప్ప సూదికి దారం ఎక్కిస్తోంది, బావ బట్ట బిగించి పట్టుకున్నాడు. వాళ్ళ మనవరాలు, మూడేళ్ళ గుంట, తడి గుడ్డ కిందికి దూరి ఇటునుంచి అటు తేలుతోంది. తేలిన ప్రతిసారీ తాత ముందు నిలబడి "బూ!" అంటోంది. నేనూ అప్పా పడీ పడీ నవ్వుతున్నాం. బావ బట్ట పట్టుకునే ఉన్నాడు.

"ఓపాలి నవ్వు బావా, నీ సొమ్మేటి పోద్ది? ఇయ్యాళ ఆదివారం, పట్టీ కూడా విప్పీసినావు."

అప్ప సూది కింద పెట్టేసింది.

"అతనికి రాదే పైడీ," అంది. "ఎప్పుడో పోనాది. ఈ గుంట పుట్టినప్పుడు సేతుల్లో ఎడితే, బరువెంతుందో సెప్పినాడు. అంతే."

"బెంగగా ఉంటాదా బావా?" అన్నాను.

ఎవరో లెక్క అడిగితే చెప్పడానికన్నట్టు గుర్తు చేసుకున్నాడు.

"బెంగుంటే బాగుణ్ణు," అన్నాడు. "నాకేటీ అనిపించట్నేదే. మొదట్లో మేడ మీదే దాచీవోణ్ణి. పట్టీ విప్పినాక ఇంటికాడ తీసుకుందునని. కొన్నాళ్ళకి తీద్దావంటే దొరకలేదు. ఏడుపు నేర్పుతానంటారు గాని నాకు ఏడుపూ రాదు. నాకొచ్చింది ఏటీ నేకుండా ఉండడం."

గుంట మళ్ళీ వచ్చి "బూ!" అంది. బావ దాని నెత్తి మీద చెయ్యి వేశాడు. వెయ్యాలని గుర్తుండి వేశాడు. భయమేసింది, ఉన్నమాట. జప్తుకి కూడా నేనంత భయపడలేదు.

ఇంక కాకరకాయ ముట్టను. బుల్లెమ్మ పోతే పోతుంది, నేను నేనుగానే పోగొట్టుకుంటాను. అలాగని ఊరికే ఇచ్చేస్తానా? నా పేరు పైడితల్లి.

సోమవారం. పైరగాలి, చక్కగా.

కుట్టు బాగా నిలబడింది. బుల్లెమ్మ పొద్దుటే లేచి ఒక్క గుంజు గుంజింది, నేను దాన్ని తిట్టాను, అది ఇంకోటి గుంజింది. యూనిట్లు మొన్నటికి రెండింతలు. కులాసా తొంభై ఏడు. పడనీ కోత.

పన్ను ఆఫీసుకి అభ్యంతరం పంపాను. బుధవారం రమ్మన్నారు.

బావతో చెబితే, "ఏటని సెప్తావు వాళ్ళకి?" అన్నాడు.

"ఉన్నదే సెప్తాను."

"ఉన్నది సెప్పినోడికి ఈ పేటలో ఒక్కసారీ మినహాయింపు రానేదు."

"సెప్పినోడు ఎవుడున్నాడు బావా, అందరూ నీకాడ పాఠాలు సెప్పించుకున్నోళ్ళే కదా!"

బుధవారం. గాలి చూడలేదు. బదిలీ డ్యూటీ వాళ్ళు చూసుకున్నారు.

పన్ను అధికారి పేరు హైమావతి గారు. యాభై దాటి ఉంటాయి, మెట్ట ప్రాంతం మనిషి, నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నా ఊరు ఊగుడికి నడుస్తుంటే ఇంకా గోడ పట్టుకుంటారు. మొహం గంటు పెట్టుకునే ఉన్నారు. ఆవిడకీ పట్టీ ఉంది కదా, ఆవిడ కళ్ళజోడూ ఉద్యోగం ఖర్చే కదా.

"కూర్చోండి పైడితల్లి గారూ. మీ వివరాలు చూశాను. మీకు నేను చెయ్యగలిగిన మేలు ఒకటుంది, ముందు అది చెప్తాను. గురువారం నుంచి మూడు రోజులు మీ కులాసా బాగా తగ్గింది. శనివారమైతే తొమ్మిదే. అమావాస్య దాకా అలాగే ఉంటే సగటు దిగుతుంది, చాలావరకు మినహాయింపు ఇచ్చేస్తాను. మళ్ళీ సోమవారం తొంభై ఏడుకి ఎందుకు పోయారు? కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది."

నిజంగానే మేలు చేద్దామనే అంటున్నారు. అది చూస్తే నాకు కోపం రాలేదు.

"అమ్మా, శనివారం సాయంత్రం మీరెక్కడున్నారు?"

ఆవిడ తెల్లబోయారు. "ఈ బిల్డింగులోనే. లిఫ్టులో. ఎండుచేపల గంపావిడా నేనూ, చీకట్లో. కరెంటు పోయింది కదా. దానికీ దీనికీ ఏమిటి?"

"ఆ కరెంటు నాదేనమ్మా. పటం పడేసింది నానే. ఆ రోజు మీ రూలు పెకారం పనిసేసినాను."

ఆవిడ శనివారం అంకె చూశారు, నా మొహం చూశారు, మళ్ళీ అంకె చూశారు.

"బుగ్గన పచ్చి కాకరకాయ, కాళ్ళకి మా అప్ప సెప్పులు," అన్నాను. "గాలి తిరిగింది నాకు తెలీనేదు. కులాసాగా ఉన్నప్పుడు నా సెయ్యి ముందే ఇంటాదమ్మా. ఏడుస్తంటే నా ఏడుపు తప్ప ఇంకేటీ ఇనపడదు. మోకు ఒక్కదాంతో పటం నిలబడదు. ఆ మోకు ఎంత కావాలో, నాకు కులాసా అంత కావాల. దాన్ని నాను ఇంటికి పట్టుకెళ్ళి దాసుకోనేదు. మీ దీపాల్లోకే పోనాది."

"బాగుంది," అన్నారు ఆవిడ, కుర్చీ ముందుకి లాక్కుని. "కానీ ఒప్పుకోను. రేపు కొండబాబు వస్తాడు. నా కులాసా లేకపోతే టీ బాగుండదు, కెటిలు ఖర్చంతా మినహాయించండి అంటాడు. ఎల్లుండి ఇంకొకరు మెత్తటి సోఫా తెస్తారు, దీని మీద కూర్చుంటేనే బుర్ర పనిచేస్తుందంటారు. మళ్ళీ మొదటికొస్తాం. ఆ పాత దొంగలందరికీ నేను తలుపు తీసినట్టు కాదూ?"

ఇది నేను ఊహించలేదు. గట్టి మాటే.

"సోఫా సంగతి నాకు తెలీదమ్మా," అన్నాను. "కొండబాబు టీ మీరు తాగినారా?"

"రోజూ. నాలుగేళ్ళ నుంచి." ఆవిడ మొహం అదోలా అయింది, ఇప్పుడే తాగినట్టు.

"ఆడు ఆదివారం ఇంటికాడ కాసిన టీ తాగినారా?"

"లేదు."

"తాగండి. అదే ఆకు, అదే కెటిలు. పట్టీ ఉండదు, అంతే."

ఆవిడ చాలాసేపు కళ్ళజోడు తుడిచారు. తరవాత లేచి, గోడ పట్టుకోకుండానే, అల్మారా దగ్గరికి నడిచి రూళ్ళ పుస్తకాలు దింపారు. ఒకటి తీశారు, పెట్టేశారు, ఇంకోటి తీశారు. "సోఫావాడు సంతోషాన్ని కొనుక్కున్నాడు," అని తనలో తాను గొణుక్కుంటున్నారు. "ఈవిడ కొన్నది మోకు. సంతోషం కొనలేదు. దాంతో పని చేయించింది. సోఫావాడికి సంతోషం పెరిగితే పని పెరగదు. ఈవిడకి తగ్గితే వార్డు ఆరిపోయింది. యూనిట్లు, కులాసా పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. పెరిగితే పెరగాలి, తగ్గితే తగ్గాలి. అలా ఉన్నదాన్ని ఏమంటాం? ఏమంటాం? ఆఁ! పనిముట్టు!" అని బల్ల మీద కొట్టారు.

ఆవిడ పట్టీ కీచుమంది. గబుక్కున రెండో చెయ్యి దాని మీద మూసేశారు. నేను కిటికీ వైపు చూశాను. చూడనట్టు ఉండడం కూడా నాకు వచ్చు.

ఉత్తర్వు నా ముందే చదివి వినిపించారు. నా కులాసా సొంత సరదా కాదు, ఉద్యోగానికి వాడే పనిముట్టు. కాబట్టి కోత వర్తించదు. మోకు ఖర్చుకి మినహాయింపు పూర్తిగా ఇస్తున్నారు. జప్తు రద్దు. ఇకమీద ఎవరు అడిగినా యూనిట్లో, టీలో, కుట్టో, పనిలో ఆ తేడా చూపించాలి. చూపిస్తే ఇదే వర్తిస్తుంది.

నేను ఎగిరి గంతేసేదాన్నే. "ఆగండి, ఇంకోటుంది," అన్నారు. "పనిముట్టు అన్నాక మరమ్మతులో ఉంచుకోవాలి, అది పాత రూలే. మీ కులాసా సగానికి దిగితే పనిముట్టు నిర్లక్ష్యం చేసినందుకు జరిమానా. మీరే తెచ్చిపెట్టుకున్నారు, నేనేం చెయ్యలేను."

నవ్వాను. గది అదిరేలా నవ్వాను. ఏడవకపోతే తంటా నిన్నటిదాకా, నవ్వకపోతే తంటా ఇవాళ్టి నుంచి! "ఎయ్యండమ్మా, ఎన్ని జరిమానాలు ఏస్తారో ఏసుకోండి!" అని సంతకం పెట్టి వచ్చేశాను.

శుక్రవారం. పైరగాలి, నిండుగా.

పేటంతా అల్లకల్లోలం. ఉత్తర్వు సంగతి పాకిపోయింది. కొండబాబు నిన్న టీ కాస్తూ పాట అందుకున్నాడట, మొదట్లో గొంతు రాలేదట. వరాలు కొత్త కత్తెర కొనేసింది. కొందరు మాత్రం బావ డెక్కు మీదికెళ్ళి ఫీజులు వెనక్కిమ్మని గొడవ. ఏడుపు నేర్పినవాడివి, ఇప్పుడు మళ్ళీ నవ్వు తెప్పించు అని ఒకడు పీకల మీద కూచున్నాడట. బావ పాపం ఏం చెప్తాడు?

పొద్దున్న బుల్లెమ్మ పైన ఉండగా మెట్ల మీద రొప్పు వినిపించింది. బావ. ప్రతి మెట్టుకీ మోకాలు పట్టుకుంటూ ఎక్కాడు. కింద అప్ప నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది, దిగితే మళ్ళీ తోసేద్దామన్నట్టు.

బావ నా పక్కన నిలబడి డ్రమ్ము వైపు చూశాడు.

"పైడీ," అన్నాడు. "నాకు నేర్పుతావేటే?"

ఇతను నాకు గురువు. ఈ చేతులకి మోకు పట్టించినవాడు. ఆ మాట అతని నోట విని వేళాకోళం చెయ్యబుద్ధి కాలేదు. ఊరికే మోకు అతని చేతిలో పెట్టాను.

అప్పుడే గాలి ఒక తోపు తోసింది. బుల్లెమ్మకి కొత్త చెయ్యి తెలిసిపోయినట్టుంది, ఒక్క గుంజు గుంజింది. బావ ముందుకి తూలి, కాలు మేడ అంచు అడ్డుకట్టకి తన్నిపెట్టి, నోటికొచ్చిన బూతు తిట్టాడు. దాన్ని, దాన్ని కుట్టిన దర్జీని, దాని సుద్ద రంగుని. మోకు వదిలాడు, లాగాడు, ఇంకొంచెం వదిలాడు. భుజం దించాడు. "ఎడం సెయ్యి అలగ పడతావేటే నువ్వు? ఇలగ! సూడు! ఎన్నిసార్లు సెప్పినాను!" నన్ను చూసి కాదు, పైకి చూసే తిడుతున్నాడు. పైన బుల్లెమ్మ ఇటునుంచి అటు ఎనిమిది అంకె చుట్టింది, నా దగ్గర అంత మెత్తగా ఎప్పుడూ చుట్టలేదు. ఒప్పుకోవాల్సిందే.

నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. అతని పట్టీ వైపు చూడనూ లేదు.

కాసేపయ్యాక, "ఇచ్చీ బావా, నా డ్యూటీ," అన్నాను.

"ఉండే."

"మోకాళ్ళు నొప్పెడతాయి బావా."

"ఉండమన్నానా!"

ఇప్పుడు భోజనాల వేళ దాటిపోయింది. అప్ప కిందనుంచి అన్నం చల్లారిపోతోందని కేకలేస్తోంది. నేను అడ్డుకట్ట మీద కూచుని ఇది రాస్తున్నాను, ఎందుకంటే నాకు వేరే పని లేదు. మోకు ఇంకా అతను ఇవ్వలేదు.